కాకినాడ జగన్నాథపురం నుంచి కోరంగి మడ అడవి దాకా నిదానంగా ఒక రోజు: నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తాను, కోరంగి బోర్డ్‌వాక్‌కి, అంటే ఉప్పు బురదలో పెరిగే ఆ మడ అడవి (మ్యాంగ్రోవ్స్) మధ్య కట్టిన చెక్క నడకదారికి, ఐదుకి నాలుగున్నర. కానీ ఒక షరతు ఉంది. కార్లో వచ్చి టికెట్ తీసుకుని, చెక్క వంతెన మీద గబగబా చివరిదాకా నడిచి, నాలుగు ఫొటోలు దిగి, బోటెక్కి దిగి, గంటలో మళ్ళీ కారెక్కేసే వాళ్ళకి ఈ రేటింగ్ వర్తించదు. "ఏముందండీ అక్కడ, చెట్లూ బురదా తప్ప" అని రాసిన వాళ్ళని చాలామందిని చూసాను, వాళ్ళ మీద నాకు కోపం లేదు గానీ అక్కడ చూడాల్సింది సరిగ్గా ఆ బురదనే, ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ రివ్యూ కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికున్న వాళ్ళు చదవండి.

నా సలహా ఒక్కటే. కోరంగి ఒక్కదాన్నే చూడకండి. పొద్దున్నే కాకినాడ టౌన్‌లో జగన్నాథపురం వైపు నడవండి, ఆ తర్వాత కోరంగి వెళ్ళండి, రెండూ కలిపి ఒక రోజు పెట్టుకోండి. ఎందుకంటే ఈ ఊరూ ఆ అడవీ రెండూ ఒకే గోదావరి ఒండ్రు మీద, ఒకే ఆటుపోట్ల మీద బతుకుతున్నాయి, ఒకటి చూసాక రెండోది చూస్తే చాలా సంగతులు అర్థమౌతాయి.

మా బాబాయి వాళ్ళది జగన్నాథపురమే. పోర్ట్ పనుల్లో జీవితమంతా గడిపిన మనిషి, ఇప్పుడు రిటైర్ అయ్యి పొద్దున్నే నడక అలవాటు చేసుకున్నారు. కాకినాడని పెన్షనర్ల స్వర్గం అంటారు కదా, ఆ మాట నిజమే, మెయిన్ రోడ్డూ గాంధీనగరం రామారావుపేట వీధులు అన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి, పొద్దున పూట చేతికర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్ళు ప్రతి సందులో కనిపిస్తారు. బాబాయి మాత్రం ఆ వైపు వెళ్ళరు. ఆయన నడక ఎప్పుడూ జగన్నాథపురం వంతెన మీదకే.

వంతెన కింద ఉప్పుటేరు, సముద్రం నీళ్ళు వచ్చిపోయే ఏరు. కొత్తవాళ్ళు దీన్ని మామూలు కాలవ అనుకుంటారు, వాసనకి ముక్కు మూసుకుని బండి వేగం పెంచేస్తారు. ఒక్క పది నిమిషాలు వంతెన పక్కన ఆగి చూడండి. రంగురంగుల మరపడవలు ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్టేసి ఉంటాయి, వలలు బాగు చేసే వాళ్ళు, ఐసు మోసే వాళ్ళు, బేసిన్లు నెత్తిన పెట్టుకుని గబగబా నడిచే ఆడవాళ్ళు, డీజిల్ వాసన, ఎండు చేపల వాసన అన్నీ కలిసిపోయి ఉంటాయి. మేం వెళ్ళినప్పుడు నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి, ఒడ్డు పక్క పడవలు కొన్ని బురద మీద ఒరిగి ఉన్నాయి. బాబాయి కిందకి చూసి "పాటు మీదుందిరా, ఇంకా దిగుతుంది, మీరు కోరంగి వెళ్ళేటప్పటికి వేర్లన్నీ బైట ఉంటాయి, మంచి టైమ్" అన్నారు. పాటు అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తగ్గడం, పోటు అంటే పైకి రావడం. పేపర్ చూడలేదు ఫోన్ చూడలేదు, ఆ నీటి మట్టం చూసి చెప్పేసారు. అంత దూరంలో ఉన్న అడవిలో ఇప్పుడు నీళ్ళు ఎంత ఉన్నాయో ఊరి మధ్య వంతెన మీద నిలబడి తెలుసుకోవచ్చు అన్నది నాకు భలే నచ్చిన విషయం.

వంతెన దాటి లోపలి సందుల్లోకి వెళ్తే ఊరి పాత భాగం. ఈ జగన్నాథపురంలో డచ్చి వాళ్ళు 1734లోనే వర్తక స్థావరం పెట్టుకున్నారు, మధ్యలో ఇంగ్లీషు వాళ్ళు లాక్కోవడం, ఒప్పందాల్లో తిరిగి ఇవ్వడం రెండు మూడు సార్లు జరిగి చివరికి 1825లో పూర్తిగా ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చింది. ఇప్పుడు అక్కడ తిరిగితే డచ్చి బోర్డులు ఏమీ ఉండవు, ఆ ఆశతో వెళ్ళకండి. కానీ అంత దూరం నుంచి వచ్చిన వాళ్ళు ఇక్కడే ఎందుకు దిగారు అనేది ఆ ఉప్పుటేరు చూస్తే తెలుస్తుంది, చిన్న పడవల్లో సరుకు ఊరి మధ్య దాకా తెచ్చుకోవచ్చు, బైట సముద్రంలో ఓడలు నిలబడటానికి నెమ్మదైన జాగా ఉంది. తర్వాత కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసాక సామర్లకోట కాలవ మీదుగా డెల్టా సరుకంతా పడవల్లో ఇక్కడికి దిగేది, 1860ల్లో అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి పత్తి ఆగిపోయి మన పత్తికి గిరాకీ వచ్చి కాకినాడ రేవు బాగా ఎదిగింది. ఇంద్రపాలెం లాకుల దగ్గరకి వెళ్తే ఆ కాలవ కనిపిస్తుంది, టైమ్ ఉంటే చూడండి, లేకపోతే వదిలేయండి, ఎండ ఎక్కకముందే కోరంగి చేరడం ముఖ్యం.

టిఫిన్ విషయం. జగన్నాథపురంలో ఒక చిన్న బండి దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాం, పేరు బోర్డు ఏమీ లేదు, అల్లం పచ్చడి ఘాటుగా, పెసరట్టు పల్చగా కాల్చి లోపల ఉప్మా సరిపడా పెట్టి ఇచ్చాడు, నాకైతే ఏ పెద్ద హోటల్ కన్నా ఇదే నచ్చింది. బాబాయి రెండోది వద్దంటూనే తిన్నారు. కాజా గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా, కాకినాడది గొట్టం కాజా, తాపేశ్వరంది మడత కాజా, గొట్టం కాజా కొరికితే లోపల పాకం నోట్లోకి వస్తుంది, అది పొద్దున్నే కొని ఎండలో మోసుకు తిరక్కండి, సాయంత్రం వెనక్కి వచ్చేటప్పుడు కొనుక్కోండి.

ఇక ప్రయాణం. కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సులు చాలా ఉంటాయి, దాంట్లో ఎక్కి కోరంగి ఫారెస్ట్ గేట్ దగ్గర దించమంటే దించుతారు, ఆటోలు కూడా తిరుగుతాయి. రోడ్డు జగన్నాథపురం మీదుగానే బయటికి వెళ్తుంది, తూరంగి దాటాక ఇళ్ళు తగ్గి ఎడమ పక్క రొయ్యల చెరువులు, తుమ్మలు, మధ్యమధ్యలో నీటి మెరుపు. చొల్లంగి దగ్గర తుల్యభాగ సముద్రంలో కలిసే చోటు ఉంది, సప్త గోదావరుల్లో ఒక పాయ అని మన పెద్దవాళ్ళ నమ్మకం, పుష్య బహుళ అమావాస్యకి చొల్లంగి తీర్థం అని వేలమంది స్నానాలకి వస్తారు. సప్తసాగర యాత్ర ఇక్కడ మొదలెట్టి ఒక్కో పాయ కలిసే చోట స్నానం చేస్తూ వెళ్తారు. మా నానమ్మ ఆ యాత్ర చేసినావిడే, ఆవిడ చెప్పిన ఊళ్ళ పేర్లన్నీ బస్సు కిటికీలోంచి వరసగా కనిపిస్తుంటే నాకు ఏదోలా అనిపించింది.

బోర్డ్‌వాక్ దగ్గర టికెట్ పెద్ద ఖర్చేం కాదు, కెమెరాకి వేరే తీసుకోవచ్చు, టైమింగ్స్, బోట్ రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు ఒకసారి కనుక్కోండి, తుఫాన్ల తర్వాత కొంత భాగం మూసేసి రిపేర్లు చేసే రోజులు కూడా ఉంటాయి. లోపలికి వెళ్ళగానే చెక్క దారి మొదలౌతుంది, నేల నుంచి ఎత్తుగా స్తంభాల మీద కట్టారు, రెండు పక్కలా మడ చెట్లు మీదకి వంగి నీడ ఇస్తాయి, బైట ఎండ మండిపోతున్నా లోపల ఒక రకం తడి చల్లదనం ఉంటుంది. ముసలివాళ్ళు పిల్లలు కూడా హాయిగా నడవొచ్చు, బాబాయికి మోకాళ్ళ నొప్పి ఉన్నా చివరిదాకా వచ్చారు. అక్కడక్కడా కూర్చునే చోట్లు ఉన్నాయి, తప్పకుండా కూర్చోండి.

ఎందుకంటే ఈ అడవిలో నడిచేటప్పుడు ఏమీ కనిపించదు. నిలబడితేనే కనిపిస్తుంది. మేం ఒక చోట రెయిలింగ్ పట్టుకుని కదలకుండా నిలబడ్డాం, మొదటి రెండు నిమిషాలు ఉత్త బురద, నల్లగా మెరుస్తూ. తర్వాత ఆ బురద కదలడం మొదలెట్టింది. ఒక చెయ్యి చిన్నగా ఇంకో చెయ్యి ఒంటికంత పెద్దగా ఉండే చిన్న పీతలు కన్నాల్లోంచి ఒక్కొక్కటీ బైటకి వచ్చి ఆ పెద్ద చెయ్యి ఊపడం మొదలెట్టాయి, అవన్నీ మగవి, ఆడ పీతల్ని పిలుస్తాయి, పక్క మగవాటిని బెదిరిస్తాయి. మడ్‌స్కిప్పర్ అని ఒక చేప ఉంటుంది, నీళ్ళలోంచి బైటకొచ్చి ముందు రెక్కల మీద బురదలో గెంతుకుంటూ తిరుగుతుంది, కళ్ళు నెత్తి మీద ఉంటాయి, చర్మం తడిగా ఉన్నంతసేపూ బైట గాలి పీల్చుకుని ఉండగలదు. మా పక్కన ఒక కుటుంబం వచ్చి చిన్న పాపని ఎత్తుకుని "చూడమ్మా చేప నడుస్తోంది" అని చూపిస్తే ఆ పాప కిందకి దిగనని అక్కడే ఉండిపోయింది, వాళ్ళు ఎంత పిలిచినా రాలేదు. ఆ పాపని చూసి నాకు చాలా సంతోషం వేసింది.

చెట్ల గురించి కొంచెం చెప్పాలి, ఇది తెలిసి వెళ్తే నడక రెండింతలు బాగుంటుంది. కోరంగిలో ఎక్కువగా కనిపించేవి నల్ల మడ, తెల్ల మడ. తెల్ల మడ ఆకు వెనక్కి తిప్పి చూస్తే పాలిపోయిన తెలుపు ఉంటుంది. ఈ మడ చెట్ల చుట్టూ నేలలోంచి నిటారుగా పైకి పొడుచుకు వచ్చిన వేర్లు వందల కొద్దీ ఉంటాయి, అవి శ్వాస వేర్లు. మామూలు చెట్టు వేరు మట్టిలో ఉన్న గాలి పీలుస్తుంది, ఈ బురద నీళ్ళతో నిండిపోయి దాంట్లో గాలే ఉండదు, అందుకని ఈ చెట్టు వేరునే పైకి పంపి పాటు వేళ గాలి తీసుకుంటుంది. అందుకే పాటు టైముకి వెళ్ళమంటున్నా, పోటు టైముకి వెళ్తే ఈ వేర్లన్నీ నీళ్ళలో ములిగిపోయి మీకు మామూలు చెట్లే కనిపిస్తాయి. ఉప్పు నీళ్ళలో బతుకుతాయి కదా ఉప్పు ఏం చేస్తాయి అంటే, మడ చెట్టు ఆ ఉప్పుని ఆకుల మీదకి తోసేస్తుంది, వాన లేని రోజుల్లో ఆకు మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది.

కానీ ప్రతి ఆకునీ ముట్టుకోకండి. తిల్ల అని ఇంకో చెట్టు ఉంటుంది, దాని ఆకులు రాలే ముందు ఎర్రగా మారతాయి, చూడ్డానికి అందంగా ఉంటాయి, కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి, అవి కంట్లో పడితే చాలా ప్రమాదం, చూపు పోయేంత మంట పుడుతుందని అక్కడి వాళ్ళందరికీ తెలుసు. పిల్లల్ని తీసుకెళ్ళే వాళ్ళు ఈ ఒక్క జాగ్రత్త మర్చిపోవద్దు. కలింగ, గుగ్గిలం, ఉప్పు పొన్న ఇవి కూడా ఉంటాయి. ఉప్పు పొన్న చూడగానే గుర్తు పట్టొచ్చు, కాండం మధ్యలోంచి వేర్లు వంగి కిందకి దిగి చెట్టుని నిలబెడతాయి. దీని విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది, ములక్కాడలా పొడుగ్గా పచ్చగా వేలాడి, బరువెక్కాక కిందపడి పాటు వేళ అయితే బురదలో గుచ్చుకుని అక్కడే నిలబడుతుంది, పోటు వేళ పడితే తేలుకుంటూ వెళ్ళి ఎక్కడో ఒడ్డున వేరు పట్టుకుంటుంది. ఇంత ఉప్పులో ఇంత అలల్లో మామూలు గింజ పడితే మొలకెత్తడం కష్టం కాబట్టి తల్లి చెట్టు మీదే కొంత ఎదిగి దిగుతుంది. నేను ఆ వేలాడే మొలకల కింద చాలాసేపు నిలబడిపోయాను.

అభయారణ్యం మొత్తం 235 చదరపు కిలోమీటర్లకి పైన, 1978లో ప్రకటించారు, మనం నడిచేది దాంట్లో ఒక అంచు మాత్రమే. లోపల నీటికుక్కలు ఉన్నాయి, బావురు పిల్లులు ఉన్నాయి. బావురు పిల్లి అంటే నీళ్ళలో దిగి చేపలు పట్టుకునే అడవి పిల్లి, రాత్రిళ్ళు తిరుగుతుంది, పగటి పూట బోర్డ్‌వాక్ మీద కనిపించాలంటే చాలా అదృష్టం కావాలి, కాబట్టి ఆ ఆశ పెట్టుకోకండి, బురద మీద అడుగుల గుర్తులు వెతకండి చాలు. పక్షులు మాత్రం ఎప్పుడూ ఉంటాయి, 120కి పైగా జాతులు ఇక్కడ నమోదయ్యాయి, లకుముకి పిట్ట, నీటి కాకి, తెల్ల కొంగలు, గరుడ పక్షి మాకు సులువుగానే కనిపించాయి. శీతాకాలంలో అయితే వలస పక్షులు కూడా. పక్షుల కోసమే వచ్చే వాళ్ళు కాకినాడ పక్కనే కుంభాభిషేకం రేవు వైపు ఉన్న బురద మేటలు చూడాలి, ఇండియన్ స్కిమ్మర్ అని కింది ముక్కు పొడుగ్గా ఉండి నీటిని కోసుకుంటూ ఎగిరే అరుదైన పక్షి చలికాలంలో గుంపులుగా వస్తుంది, అయితే దానికి లోకల్ మనిషి ఎవరైనా తోడు కావాలి, బైనాక్యులర్స్ కావాలి.

దారి చివర జెట్టీ, అక్కడ బోట్లు. మేం వెళ్ళినప్పుడు బోటు నడిపే ఆయన్ని అడిగితే "ఇప్పుడు పాటు మీదుందండి, అడుగు తగుల్తాది, ఇంకో గంట ఆగండి, పోటు తిరుగుద్ది, అప్పుడు చక్కగా తీసుకెళ్తాను" అన్నారు. కొంతమంది విసుక్కుని వెళ్ళిపోయారు. మేం ఆగాం, ఆ గంటలో ఈ రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి జరిగింది. పోటు రావడం కళ్ళారా చూసాం. మొదట కాలవలో నీళ్ళు కదలకుండా ఆగిపోయాయి, తేలుతున్న ఆకులు ఉన్నచోటే నిలబడ్డాయి, కాసేపటికి అవే ఆకులు వెనక్కి, అడవి లోపలికి ప్రయాణం కట్టాయి. పీతలు ఒక్కొక్కటీ కన్నాల్లోకి దూరి మట్టితో మూత పెట్టేసుకున్నాయి. ఇందాక మేం చూసిన వేర్ల చుట్టూ నీళ్ళు చేరి, సగం, ముప్పాతిక, ఆ తర్వాత కొసలు మాత్రమే. రోజుకి రెండు పోట్లు రెండు పాట్లు, ప్రతి రోజూ ముందు రోజు కన్నా సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా, అమావాస్యకీ పున్నానికీ ఎక్కువ. కాబట్టి మీరు ప్లాన్ చేసుకునేటప్పుడు కాకినాడ టైడ్ టైమ్స్ అని ఫోన్‌లో చూసుకుని, పాటు పూర్తయ్యే టైముకి ఒక గంట ముందు లోపల ఉండేలా వెళ్ళండి. వేర్లూ పీతలూ ముందు చూసి, పోటు తిరిగాక బోటు ఎక్కితే రెండూ దక్కుతాయి. నేను ఇచ్చే సలహాల్లో ఇదే ముఖ్యమైనది.

బోట్ రైడ్ బాగుంది. లైఫ్ జాకెట్ ఇచ్చారు, వేసుకున్నదాకా బయల్దేరలేదు, అది మెచ్చుకోవాల్సిన విషయం. రెండు పక్కలా గోడ కట్టినట్టు మడ అడవి, మధ్యలో సన్నటి పాయ. అర పాయింట్ తగ్గించింది ఇంజన్ మోత కోసమే, ఆ చప్పుడికి పక్షులు ముందే లేచిపోతాయి, చేత్తో తెడ్డేసే చిన్న పడవలు కూడా పెడితే రెట్టింపు ఇచ్చి అయినా ఎక్కుతాను. దారిలో నడుం లోతు నీళ్ళలో వల లాగుతున్న ఇద్దరు కనిపించారు, బోటాయన వాళ్ళని పేర్లు పెట్టి పలకరించారు. ఈ అడవి నీడలోనే రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు, మండ పీతలు పెరుగుతాయి, పెద్దయ్యాక సముద్రంలోకి వెళ్తాయి, పొద్దున జగన్నాథపురం వంతెన కింద చూసిన పడవలు పట్టుకొచ్చే చేపల్లో చాలా వాటి చిన్నతనం ఈ వేర్ల మధ్యే గడిచింది. ఆకు రాలితే పీతలు కొరికి తుంచుతాయి, అది కుళ్ళి చిన్న ప్రాణులకి తిండి, వాటిని చేప పిల్లలు తింటాయి, ఇదంతా ఆ బురదలోనే.

పాయ వెడల్పయ్యే చోట దూరంగా అఖాతం కనిపిస్తుంది, దాని అవతల హోప్ ఐలాండ్. అది గోదావరి తెచ్చిన ఇసుక గత రెండు వందల ఏళ్ళలో మేట వేసి ఏర్పడిన పొడవాటి దిబ్బ, సుమారు 16 కిలోమీటర్లు ఉంటుంది. బంగాళాఖాతం అలలు నేరుగా కాకినాడ మీదకి రాకుండా అది అడ్డం నిలబడుతుంది, రేవులో నీళ్ళు నెమ్మదిగా ఉండటానికి అదే కారణం. బాబాయి ఉద్యోగం, ఆయన పిల్లల చదువులు, ఆ ఇల్లు, అన్నీ ఈ దిబ్బ పుణ్యమే అని ఆయనే అన్నారు.

కోరంగి అన్న పేరు వినగానే ఇప్పుడు టూరిస్ట్ స్పాట్ గుర్తొస్తుంది గానీ ఒకప్పుడు ఇది పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. ఇక్కడి నుంచే మనవాళ్ళు బర్మా వెళ్ళేవాళ్ళు, ఆ దేశంలో తెలుగువాళ్ళందర్నీ కోరంగీలు అనే పిలిచేవాళ్ళు. మా ముత్తాత గారు కూడా రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి వచ్చిన మనిషే. 1789లో ఒక ఉప్పెన, మళ్ళీ 1839 నవంబర్‌లో ఇంకో భయంకరమైన ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసాయి, రెండో దాని తర్వాత రేవు తేరుకోలేదు, వర్తకం కాకినాడకి మళ్ళింది. ఈ తీరానికి గాలివాన కొత్త కాదు, 1996 నవంబర్‌లో కాకినాడకి దిగువన తీరం దాటిన తుఫాను కోనసీమని ఎలా చేసిందో ఈ జిల్లాల వాళ్ళు ఎవర్ని అడిగినా చెప్తారు, వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఉప్పెన నీటి బలాన్ని మడ అడవి తగ్గిస్తుంది, వేర్లూ కొమ్మలూ అల ఊపుని విరిచేస్తాయి. బోటాయన మాట చెప్తాను, "ఈ అడవి వెనకాల మా ఊరుందండి, గాలొస్తే ముందు దీనికే తగుల్తాది."

అలాంటి చెట్లని కొట్టేసిన రోజులూ ఉన్నాయి, అది కూడా రాయాలి. 1990ల్లో రొయ్యల చెరువుల ఊపులో తీరం పొడుగునా మడ భూములు పోయాయి. తర్వాత స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళూ అటవీ శాఖా ఊళ్ళోవాళ్ళతో కలిసి పాడైన చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు, మధ్యలో పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలవలు, పోటు నీళ్ళు లోపలిదాకా వెళ్ళి వచ్చేలా చేస్తే ఉప్పు తేరి ఎండిపోయిన నేల మీద మొక్క మళ్ళీ నిలబడింది. ఇంత కష్టపడి పెంచినా 2020లో కాకినాడలోనే దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్లు తీసేస్తే ఆ కేసు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. పేదవాళ్ళకి ఇళ్ళు ఇవ్వాల్సిందే, కానీ వాళ్ళని ఉప్పెన దారికి అడ్డం కూర్చోపెట్టి, ఆపే చెట్లని తీసేస్తే రేపు నష్టపోయేది కూడా వాళ్ళే కదా అని నా బాధ.

బోర్డ్‌వాక్ మీద నాకు నచ్చనిది ఒకటే, మనుషులు. అందరూ కాదు. బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని నడిచిన ఒక గ్యాంగ్ ఉంది, చిప్స్ ప్యాకెట్ రెయిలింగ్ మీంచి కిందకి వదిలేసిన వాళ్ళున్నారు. ఆ కవర్ శ్వాస వేర్ల మీద పడి ఇరుక్కుంటే పోటు నీళ్ళు కూడా తీసుకెళ్ళవు, అక్కడే ఉండిపోతుంది. దయచేసి మీ చెత్త మీ బ్యాగ్‌లో వేసుకుని బైటకి తెచ్చుకోండి, పాటలు హెడ్‌ఫోన్స్‌లో వినండి, పిల్లలకి కూడా ముందే చెప్పి తీసుకెళ్ళండి.

భోజనం సంగతి, ఆ రోడ్డు మీద ఒక హోటల్లో పీతల ఇగురు తిన్నాం, రుచి అద్భుతం, మండ పీత పెద్దది, మసాలా ఎక్కువ దట్టించకుండా పీత తీపి తెలిసేలా వండారు. కానీ బిల్లు చూసాక కళ్ళు తిరిగాయి, పీతలు బరువు మీద రేటు కడతారు, ఆర్డర్ ఇచ్చే ముందే కేజీ ఎంత, మన ప్లేట్‌కి ఎంత తూగింది అడిగేయండి. ఓపిక ఉంటే యానాం వెళ్ళి తినొచ్చు, దగ్గరే. వరద ఎర్రనీరు దిగే రోజుల్లో అయితే పులస చేప, కార్తీకం అప్పుడు చీరమేను అనే సన్నటి చేప పిల్లలు, ఈ రెండిట్లో ఏది దొరికినా ఆ రోజు మీ అదృష్టం.

ఎప్పుడు వెళ్ళాలంటే నవంబర్ నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా, మామూలు రోజుల్లో. ఆదివారాలూ కార్తీక మాసం వనభోజనాల సీజనూ బాగా రద్దీ. చొల్లంగి అమావాస్య రోజు స్నానానికి అయితే వెళ్ళండి గానీ అడవి చూడ్డానికి ఆ రోజు పెట్టుకోవద్దు, రోడ్డంతా జనమే. వేసవిలో ఉక్కకి తట్టుకోలేరు. దోమలు ఉంటాయి, ఫుల్ చేతుల చొక్కా, టోపీ, మంచినీళ్ళ సీసా, జారని చెప్పులు ఇవి చాలు. పెద్దవాళ్ళని తీసుకెళ్తే తొందర పెట్టకండి, మా బాబాయి అయితే జెట్టీ దగ్గర కూర్చుని పక్కనున్న కుర్రాళ్ళకి పోటు పాటు లెక్క ఎలా కట్టాలో తిథులతో సహా చెప్పి, అది అయ్యేదాకా లేవలేదు. ఆయన చెప్పిన లెక్క కావాలన్న వాళ్ళు కామెంట్‌లో అడగండి, ఆయన్ని అడిగి వివరంగా రాస్తాను.